చెవులు మూసే కటింగు కోసం: తిరుపతిలో ఒక రెండు కుర్చీల సెలూను

తిరుపతిలో జుట్టు తీయించుకోవడానికి చోటు వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ రాదు. కొండ మీద కల్యాణకట్టలో పగలూ రాత్రీ కత్తులు ఆడుతూనే ఉంటాయి, రుసుము అడిగేవారు లేరు, టోకెనూ బ్లేడూ దేవస్థానమే ఇస్తుంది. జుట్టును తీసేయకుండా, ఉంచి దిద్దే చోటు మాత్రం ఈ ఊళ్లో నానాటికీ అరుదవుతోంది. 1970ల చివరి నుంచి పదేళ్లకు పైగా కుర్రకారు తలలను ఏలిన స్టెప్ కటింగును పాత పద్ధతిలో, కత్తెరతోనే చేసే సెలూను కోసం నేను ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి వెతుకుతున్నాను. గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోయే సందుల్లో ఒకదానిలో, ఇత్తడి సామాన్ల దుకాణానికీ పూలకొట్టుకూ నడుమ, కిందటి నెలలో అది కనిపించింది. రెండుసార్లు ఆ కుర్చీలో కూర్చుని లేచిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

సెలూను పేరు రాయకపోవడానికి కారణం ఉంది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి చివరి మాట మాత్రమే మిగిలింది. ఆ మాట అలా ఉంచితే, యజమాని కూడా పేరు వద్దన్నారు. “రాయబాకండి సామీ, ఉండేది రెండు కుర్చీలు, కటింగు చేసేది నేనొక్కణ్ణే, జనం ఎక్కువైతే పని చెడిపోతాది” అని ఆయన చెప్పిన మాటలో బింకమేమీ లేదు, లెక్క మాత్రమే ఉంది. డెబ్బయ్యికి దగ్గర పడిన మనిషి, చేయి వణకదు. కుర్రతనంలో మద్రాసులో మూడేళ్లు పని నేర్చుకుని వచ్చి ఈ సందులోనే కుర్చీ వేసినట్లు చెప్పారు.

స్టెప్ కటింగు అంటే ఇప్పటి కుర్రవాళ్లకు ఏదో ఒక సినిమా బొమ్మ తప్ప ఇంకేమీ తట్టదు కాబట్టి, అది ఏమిటో ముందు చెప్పాలి. పెంకుటింటి కప్పు మీద ఒక వరుస పెంకుల అంచు కింది వరుస మీద పడినట్లుగా, నడినెత్తి జుట్టు కొంత పొట్టిగా, దాని కింది వరుస మరికొంత పొడవుగా, మెడ దగ్గరిది అన్నింటికంటే పొడవుగా ఉండి, తల తిప్పినప్పుడు ఆ మెట్లు విడివిడిగా కదిలి మళ్లీ సర్దుకోవాలి. చెవులు సగమైనా మూసుకోవాలి. వెనక జుట్టు చొక్కా కాలరును దాటాలి. ఇప్పుడు ప్రతి వీధిలో చేస్తున్న ఫేడ్ కటింగు దీనికి సరిగ్గా తలకిందులు: అందులో మెడ దగ్గరా చెవుల పైనా మిషనుతో దాదాపు చర్మం దాకా తీసేసి, పైకి పోయేకొద్దీ పొడవు పెంచుతారు. మిషనుకు తొడిగే బిళ్లల మీద అంకెలు ఉంటాయి, ఏ అంకె ఎక్కడో తెలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది. స్టెప్పుకు అంకెలు లేవు. పని చేసే మనిషి వేళ్ల సందులో ఎంత జుట్టు పట్టుకున్నాడు, దాన్ని తల నుంచి ఎంత ఎత్తుకు లాగి పట్టుకున్నాడు అన్న రెండింటి మీదనే అది నిలబడుతుంది.

ఈ సంగతి తెలియని చోట ఏమవుతుందో కిందటి ఏడాది అనుభవంలోకి వచ్చింది. ఊళ్లోనే ఒక ఏసీ సెలూనులో స్టెప్ కటింగు కావాలని అడిగితే, అక్కడి అబ్బాయి ఎంతో మర్యాదగా తల ఊపి, మిషను తీసుకుని నా కుడి చెవి పైన మూడో నంబరు పెట్టేశాడు. నోరు తెరిచి వద్దనేలోగా ఆరు నెలల పెంపకం ఒళ్లో పడింది. రెండో వైపు కూడా అలాగే చేయించుకుని రావడం తప్ప అప్పుడు చేయగలిగింది ఏముంది? ఆ బిల్లులో తల కడిగినందుకు వేరుగా వేశారు.

ఇంత పట్టుదల ఒక కటింగు కోసమా అని మా ఇంట్లో వాళ్లు అడిగారు. అడగడం న్యాయమే. ఈ కటింగు పుట్టింది మన దగ్గర కాదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో కనిపించినప్పుడు ఏడు కోట్ల మందికి పైగా చూశారు, ఆ నలుగురి పాటల కంటే నుదుటి మీద పడిన జుట్టు గురించే అక్కడి పెద్దలు ఎక్కువ మాట్లాడుకున్నారు. 1970ల మొదట్లో న్యూయార్కు కేశకళాకారుడు పాల్ మెక్‌గ్రెగర్ నటి జేన్ ఫోండాకు చేసిన మెట్లమెట్ల కత్తిరింపు ఆడా మగా తేడా లేకుండా పాకింది. అక్కడి నుంచి మన దాకా వచ్చేసరికి అది హిందీ సినిమా పోస్టర్ల మీద అమితాబ్ బచ్చన్ చెవులను మూసిన జుట్టుగానూ, కొంత ఆలస్యంగా చిరంజీవి తలగానూ మా కంటబడింది. మా నాయన తరానికి శోభన్ బాబు నుదుటి మీది రింగు ఉండేది. ఆ రింగు ఎవరినీ ధిక్కరించలేదు, నూనె రాసి పాపిడి తీసిన బుద్ధిమంతుడి తల మీద అది ఒక చిన్న సరదా, అంతే. మా స్టెప్పు అలాంటిది కాదు. అది నూనె వద్దంది.

నూనె సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఇంట్లో మొదటి గొడవ అక్కడే మొదలైంది. జిడ్డు అంటితే మెట్లు ఒకదానికొకటి అతుక్కుని మొత్తం జుట్టు డిప్పలా మారుతుంది కాబట్టి, స్టెప్ కటింగు ఉన్నవాడు కొబ్బరినూనెను ముట్టరాదు. తలకు నూనె పెట్టడం తల్లి చేతిలోని హక్కు. ఆదివారం పొద్దున్నే గిన్నెలో నూనె కాచి పిలిచే అమ్మ ముందు నిలబడి ‘నాకు వద్దు’ అనడం, నాయన ముందు చెవులు కనబడకుండా తిరగడం కంటే కష్టంగా ఉండేది. కుంకుడుకాయ రసంతో రుద్దుకుంటే జుట్టు బిరుసెక్కేది, షాంపూ సీసా కొనే స్తోమత మాకు లేదు. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లాలలో పోసి అమ్మే పద్ధతిని తీసుకురావడం, 1983లో ఆయన కుమారుడు రంగనాథన్ సొంతంగా చిక్ షాంపూను మొదలుపెట్టడం మా వంటి వాళ్లకు నిజంగా మేలు చేశాయి. చిల్లర డబ్బులతో ఒక ఆదివారం గడిచిపోయేది. మా తిరుగుబాటుకు అయ్యే ఖర్చు అంతే.

ఇక నాయన సంగతి. 1970లలో సింగపూరు ప్రభుత్వం, పొడవు జుట్టు ఉన్న మగవారికి కార్యాలయాల్లో అందరి కంటే చివరన పని చేసి పెడతామని గోడపత్రికలు అంటించింది. పొడవు జుట్టు అంటే ఏమిటో కూడా అందులో బొమ్మలు వేసి చూపింది: నుదుటి మీద పడి కనుబొమలను తాకేది, చెవులను మూసేది, మామూలు చొక్కా కాలరుకు కిందికి దిగేది. 1972లో లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు రాక్ సంగీత బృందాన్ని జుట్టు కారణంగానే ఆ దేశంలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది దక్షిణ కొరియా మగవారి పొడవు జుట్టును చట్టం పెట్టి మరీ చిన్న నేరాల జాబితాలో చేర్చింది, అక్కడి పోలీసులు కుర్రవాళ్లను వీధిలోనే పట్టుకుని కత్తిరించేవారు. మా నాయన ఈ వార్తలేవీ చదివి ఉండరు. అయినా ఆయన పెట్టిన హద్దులు సరిగ్గా ఆ మూడే. “చెవులు కనపడనోడికి మాట యాడ వినపడతాది?” అని వచ్చినవాళ్లందరి ముందూ అనేవారు. గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి వేషాలు వేసుకోవడం ఈ ఊరి ఆచారం కదా, దాన్ని ఎత్తుకుని మా చిన్నాన్న, “ఈసారి నీకు సవరం కొనే పని లేదురా” అని నవ్వేవారు. ఏడాదికి ఒక వారం అమ్మవారి పేరు మీద చెల్లిన వేషం మిగతా రోజుల్లో సొంత పేరు మీద చెల్లకపోవడంలోని విడ్డూరం అప్పుడు నాకు తట్టలేదు.

తిరుగుబాటు అన్న మాట పెద్దదే. మేము జెండాలు పట్టలేదు, ఎవరినీ ఎదిరించలేదు, ఫీజులు కూడా నాయన డబ్బులతోనే కట్టాము. కానీ జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, చెవి సగం మూయడానికి పక్క జుట్టు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు కావాలి. ఎనిమిది నెలలు అంటే దాదాపు ఒక చదువు సంవత్సరం. అన్ని నెలలు రోజూ మాట పడుతూ, నడుమ వచ్చే వికారపు దశను ఓర్చుకుంటూ, ఎన్‌సీసీలో చేరితే దొరికే టిఫినును కూడా వదులుకుని పెంచిన జుట్టు అది. అంత ఓపిక నేను ఆ తరువాత ఏ పనిలోనూ చూపలేదు.

దాన్ని మా నాయన గెలిచిన తీరు చెప్పకపోతే ఈ సెలూనులో నాకు కలిగిన సంతోషం అర్థం కాదు. 1979లో ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన సాయంత్రం ఆయన ఎంతో ప్రశాంతంగా, “నువ్వు పాసైతే నీ తలనీలాలు స్వామికి ఇస్తానని మొక్కుకున్నా” అన్నారు. వేరే ఊళ్లో ఉన్న తండ్రి అయితే కసరాలి, కొట్టాలి, లేదా డబ్బు ఆపాలి. తిరుపతి తండ్రికి ఆ అవస్థ లేదు, కొండ పక్కనే ఉంది. శ్రీనివాసుడి తలకు తగిలిన దెబ్బను కప్పడానికి నీలాదేవి తన జుట్టునే తీసి ఇచ్చిందన్న కథ వింటూ పెరిగినవాడు, ఆ స్వామికి ఇవ్వనని ఏ నోటితో అంటాడు? ఫెయిలైతే జుట్టు దక్కుతుందని స్నేహితులు సలహా ఇచ్చారు, ఒక రాత్రంతా ఆ సంగతి నిజంగానే ఆలోచించాను. పాసయ్యాను. కల్యాణకట్టలో నా వంతు వచ్చినప్పుడు, అక్కడి క్షురకుడు నీళ్లు పోయబోయి ఆగి, మెడ వెనక మెట్లను వేలితో ఒకసారి ఎత్తి చూసి, “పని బాగుండాది, ఎవరు చేసినారు?” అని అడిగారు. చెప్పాను. తరువాత నీళ్లు పోశారు. ఎనిమిది నెలలది పది నిమిషాల్లో ముగిసింది. నాయన పక్కన నిలబడి గోవిందా అంటున్నారు, ఆయన గొంతులో భక్తి నిజమైనదే. అందుకే ఆ మోసం మీద ఇప్పటికీ నాకు పూర్తిగా కోపం రాదు.

సెలూను సంగతికి వస్తాను. కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “చెవి సగం మూయాలా, పూర్తిగానా?” ఏసీ సెలూనులో ఈ ప్రశ్నే రాలేదు. రెండో మాట అంత ఇంపైనది కాదు: నడినెత్తిన పలచబడింది కాబట్టి అక్కడ మెట్లు నిలవవని, వెనకా పక్కలా మాత్రం చేస్తానని ముందే చెప్పేశారు. ఏ ఖరీదైన చోటా నా తలను గురించి ఇంత నిజం ఎవరూ చెప్పలేదు, ప్రతిచోటా ఏదో ఒక సీరం అమ్మజూశారు. నీళ్లు చిలకరించి, దువ్వెనతో తలను అయిదు భాగాలుగా విడదీసి, పైన రెండు పాయలను క్లిప్పు పెట్టి పక్కకు తప్పించి, పని మెడ దగ్గర మొదలుపెట్టారు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పాయను పట్టుకుని, తలకు నిలువుగా లాగి, వేళ్ల బయటకు వచ్చినది మాత్రమే కత్తిరిస్తారు. తరువాతి పాయను ముందు కత్తిరించినదాని నుంచి రెండు మూడు వెంట్రుకలు కలుపుకుని పట్టుకుంటారు, కొలబద్ద అదే. పళ్ల కత్తెరను చివర్ల బరువు తగ్గించడానికి రెండుసార్లు మాత్రమే వాడారు. మిషను గోడకు వేలాడుతూనే ఉంది.

అన్నింటికంటే నచ్చినది చెవుల దగ్గరి పని. తడి జుట్టు కొంత సాగి ఉంటుంది, ఆరిన తరువాత పైకి లేస్తుంది. తడిమీద చెవి సగానికి సరిపెట్టి కత్తిరిస్తే ఆరాక చెవి మొత్తం బయటపడుతుంది. ఆయన ఆ అంచును వేలెడు కిందికి వదిలి, తల అంతా తుండుతో ఆరబెట్టి, ఫ్యాను గాలికి రెండు నిమిషాలు కూర్చోబెట్టిన తరువాతనే అక్కడ కత్తెర పెట్టారు. రెండు వైపులా సరిచూసుకోవడానికి అద్దం కాకుండా తన రెండు బొటనవేళ్లను నా చెంపల మీద ఆనించి కొలుచుకున్నారు. మెడ మీద కొత్త బ్లేడు, పటిక, కొద్దిగా పౌడరు. మొత్తం యాభై నిమిషాలు. వెనక అద్దం పట్టి చూపినప్పుడు మూడు మెట్లూ లెక్కపెట్టగలిగేటట్లు కనిపించాయి. తల తిప్పాను, కదిలాయి, మళ్లీ సర్దుకున్నాయి. జుట్టు నెరిసింది కాబట్టి మెట్ల మధ్య నీడ నల్లజుట్టులో కనిపించినంతగా కనిపించదు, అది ఆయన తప్పు కాదు.

తప్పులు వేరే ఉన్నాయి. మెడకు చుట్టే తుండు ఉతికినదే అయినా ముందు మనిషికి వాడినదే నాకూ వచ్చింది, మరొకటి అడిగితే ఇచ్చారు, కానీ అడగాలి. అయిపోయాక తలను మర్దన చేసి మెడను రెండు వైపులా టక్కుమనిపించే అలవాటు ఆయనకు ఉంది. మెడలో రక్తనాళాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది కాబట్టి నా వయసువాళ్లు మర్దనతో ఆపమని ముందే చెప్పాలి. రెండో కుర్చీ తల ఆనించే దిండు విరిగి ఏడాది అయిందట. వరుస సంఖ్యలు లేవు. బెంచీ మీద ఎవరు ముందు వచ్చారో ఎవరికి వారే గుర్తుంచుకోవాలి, ఆదివారం పొద్దున అది వాదనగా మారుతుంది. నేను మొదటిసారి గంటన్నర కూర్చున్నాను. మంగళవారం ఎలాగూ సెలవు. బుధవారం మధ్యాహ్నం రెండు దాటాక వెళితే బెంచీ ఖాళీగా ఉంటుంది.

మామూలు కటింగుకు నూట ఇరవై, స్టెప్పుకు రెండు వందలు తీసుకుంటారు. ఫోనుతో చెల్లించవచ్చు. యాభై నిమిషాల చేతిపనికి రెండు వందలు తక్కువ అని నా అభిప్రాయం, పెంచమని చెప్పి వచ్చాను.

రెండోసారి మా మనవడిని వెంట తీసుకువెళ్లాను. వాడికి పదిహేనేళ్లు, ముందర పొట్టిగా వెనక తోకలాగా ఉండే మల్లెట్ కావాలన్నాడు. బడిలో ఒప్పుకోరని మా అబ్బాయి ఇంట్లోనే చెప్పి పంపాడు. సెలూను గోడ మీద నంబర్లు వేసిన తలల బొమ్మల పాత పటం ఒకటి ఇంకా ఉంది. మనవడు ఫోనులో చూపిన బొమ్మను ఆయన కళ్లద్దాలు ఎత్తి చూసి, ఆ పటంలో ఒక బొమ్మ మీద వేలు పెట్టారు. ఇంచుమించు అదే తల, కాలరు మాత్రం వెడల్పు. వెనక జుట్టును కాలరు లోపలికి దాచుకునేంత పొడవే ఉంచి, బడి ఉన్న రోజుల్లో లోపలికి దోపుకోమని, లేని రోజుల్లో బయటికి తీయమని వాడికి నేర్పారు. ఇది ఈ సెలూనులో దొరికే సేవలన్నింటిలో మెరుగైనది అని మనవడి తీర్పు. వాళ్ల నాన్నకు ఈ సంగతి నేను చెప్పలేదు.

అయిదు వారాలకు ఒకసారి వచ్చి కింది మెట్టును సరిచేయించుకోవాలని, లేకపోతే మూడూ కలిసిపోతాయని చెప్పారు. వచ్చే నెలలో మా ఇంట్లో అందరం కొండకు వెళ్లవలసి ఉంది. ఈసారి గుండు మొక్కు లేదు కానీ, మా ఆవిడతో పాటు నేను కూడా మూడు కత్తెరలు ఇద్దామనుకుంటున్నాను. స్టెప్పు చెడకుండా ఎక్కడి నుంచి ఇవ్వాలని అడిగితే, ఆయన కాసేపు నా తల చుట్టూ తిరిగి చూసి, ఎడమ చెవి వెనక రెండో మెట్టు కింద ఒక పాయను వేలితో విడదీసి చూపించి, “ఇక్కడియ్యండి సామీ, నేను తరువాత కలిపేస్తా” అన్నారు.